మేటి సినిమా ఓటుకు పద్ధతి కావాలి

డిసెంబరు మూడో వారానికల్లా బెంగళూరు తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఓటింగ్ లింకులు తిరగడం మొదలవుతుంది. ఈ ఏటి మేటి సినిమా ఏదన్న ప్రశ్న, కింద పది పేర్లు, పక్కన గంటగంటకూ మారే శాతాలు. రెండు రోజులు తిరక్కుండానే అది ఇద్దరు హీరోల అభిమానుల మధ్య పోరైపోతుంది. టికెట్టు కొనుక్కుని మారతహళ్లిలోనో మడివాళలోనో మొదటి ఆట చూసొచ్చిన మామూలు ప్రేక్షకుడి మాట ఆ శాతాల్లో ఎక్కడా వినపడదు. ఇది చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. 1954లో ఫిలింఫేర్ పురస్కారాలు మొదలైందే పాఠకుల ఓటుతో. జనం తీర్పుకు విలువ ఉంది. దాన్ని లెక్కపెట్టే తీరే చెడింది.

ముందు, ఒకరికి ఒకే ఓటు. చాలా పోల్స్ బ్రౌజరులో ఒక కుకీ, అంటే ఓటేశారని గుర్తుపెట్టుకునే చిన్న ఫైలు, పెట్టి ఊరుకుంటాయి. పాత గుర్తులు కనపడని ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే మళ్లీ ఓటు, మూసి తెరిస్తే ఇంకోటి. దీన్ని ఆపుదామని కొందరు ఒక్కో ఐపీ చిరునామాకు, అంటే ఇంటర్నెట్‌లో ఒక కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యకు, ఒక్క ఓటే అంటున్నారు. అది ఈ నగరంలో మరీ అన్యాయం. బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీ హాస్టల్ అంతటికీ ఒకే వైఫై, బయటికి ఒకే చిరునామా. మొదట ఓటేసిన కుర్రాడితోనే మిగతావారి తలుపు మూసుకుంటుంది. మొబైల్ డేటాలోనూ వందల మంది ఒకే చిరునామా వెనక ఉండొచ్చు. మరోపక్క అసలు చిరునామా దాచి వేరేది చూపే వీపీఎన్ ఉన్నవాడికి చిరునామాలకు కొదవే లేదు. ఉన్నవాటిలో మెరుగైనది మొబైల్ ఓటీపీ. రెండు సిమ్‌లున్నవారికి రెండు ఓట్లు పడతాయి, నిజమే. కానీ రాత్రంతా కూర్చుని రెండొందలు వేయడం మాత్రం కష్టమవుతుంది. నంబరు ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోవాలి, ఫలితం తేలాక చెరిపేయాలి.

2022లో ఆస్కార్ అకాడమీ ట్విట్టర్‌లో అభిమానుల ఓటు పెట్టి, ఒక్కో ఖాతాకు రోజుకు 20 ఓట్ల దాకా వేసుకోమంది. అది ఇష్టాన్ని కొలిచే పద్ధతి కాదు, ఓపికను కొలిచేది. మన నిర్వాహకులు ఆ దారి పట్టవద్దు. శాతాలు కూడా ఓటింగ్ ముగిసేదాకా చూపవద్దు. వెనకబడ్డామని కనపడగానే అభిమాన సంఘాలు లింకు పట్టుకుని బయలుదేరేది ఆ అంకె చూసే.

అసలు చిక్కు లెక్కింపులో ఉంది. పదికి మార్కులు వేయమంటే తమ హీరోకు 10, అవతలి హీరోకు 1 వేస్తారు, మధ్య అంకెలు ఖాళీగా మిగులుతాయి. ఒక్క పేరే ఎంచుకోమంటే ఏమవుతుందో చూడండి. వెయ్యి ఓట్లలో ఒక పెద్ద సినిమాకు 420, ఇంకో పెద్ద సినిమాకు 380, ఒక చిన్న సినిమాకు 200 వచ్చాయనుకుందాం. మొదటిది గెలిచినట్టే. కానీ ఆ రెండు వర్గాలూ చిన్న సినిమానే రెండో స్థానంలో పెట్టి ఉంటే? మొదటిదానితో ముఖాముఖి పోలిస్తే రెండోదాని 380 కూడా కలిసి చిన్నదానికి 580, రెండోదానితో పోలిస్తే మొదటిదాని 420 కలిసి 620. రెండింటిమీదా గెలిచిన సినిమా మూడో స్థానంలో పడి ఉంది. ఆస్కార్ ఉత్తమ చిత్రానికి వాడే ప్రాధాన్య క్రమ పద్ధతి కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మొదటి స్థానం ఓట్లు తక్కువొచ్చిన సినిమాను అది ముందే తీసేసి, ఆ ఓట్లను వాటిలోని తర్వాతి పేరుకు మారుస్తుంది. అందుకే ప్రేక్షకుడి చేత మొదటి మూడు వరసగా రాయించి, ప్రతి రెండు సినిమాలనూ విడిగా ముఖాముఖి పోల్చి చూడమంటున్నాం. మొదటి స్థానం ఓట్ల పట్టికను పక్కనే ప్రచురించండి. అభిమానుల బలమెంతో అందులో ఎలాగూ తెలుస్తుంది.

‘చూడలేదు’ అన్న గడి తప్పనిసరి. అది లేకపోతే తక్కువ థియేటర్లు దొరికిన సినిమాను చూడనివారు కూడా అడుగుకు తోసేస్తారు. పేర్ల వరస ఒక్కో ఓటరుకు ఒక్కోలా మారాలి, పైనున్న పేరుకు ఊరికే లాభం రాకుండా. ప్రతి పేరు పక్కనా విడుదల తేదీ వేస్తే సంక్రాంతి సినిమా కూడా గుర్తుకొస్తుంది.

జాతీయ పురస్కారాలకు సెన్సార్ సర్టిఫికెట్ తేదీ లెక్క. ప్రేక్షకుల ఓటుకు మాత్రం థియేటర్లోనో ఓటీటీలోనో మొదటిసారి చూపిన తేదీయే న్యాయం. మన నగరంలో కన్నడ సినిమాను ఒకరు కన్నడలో, పక్కింటివారు తెలుగు డబ్బింగులో చూస్తారు. రెండూ ఒకే సినిమా కింద రాయాలి. ఇక డిసెంబరులోనే ఓటింగ్ పెట్టడమేమిటి? క్రిస్మస్‌కు వచ్చిన సినిమాను అప్పటికి చూసినవారెందరు? చాలా తెలుగు సినిమాలు నాలుగైదు వారాల్లో ఓటీటీకి వచ్చేస్తున్నాయి కాబట్టి ఫిబ్రవరి మొదటివారంలో తెరిచి పది రోజుల్లో మూసేయవచ్చు.

మూసిన రోజే ఫలితం చెప్పాలన్న తొందర వద్దు. తెల్లవారుజాము మూడు గంటలకు నిమిషానికి సరిగ్గా ఒకే సంఖ్యలో, ఒకే వరసతో పడిన ఓట్లు మనుషులవి కావు. వాటిని ఏరడానికి మూడు రోజులైనా పడుతుంది. ఎన్ని తీసేశారో, ఏ కారణంతో తీసేశారో, అవి ఏ సినిమాకు పడ్డాయో ఫలితంతోపాటే ప్రకటించాలి.