నాలుగు గీతల కాపీ పుస్తకం గారికి ఒక నాయనమ్మ లేఖ

మహారాజశ్రీ నాలుగు గీతల కాపీ పుస్తకం గారి సముఖమునకు,

మీరు మా ఇంట వేంచేసి నాలుగు నెలలయింది. నర్సరీ చదివే మా మూడున్నరేళ్ళ మనవడు అప్పటినుంచి రోజూ మీకు రెండు పేజీల కప్పం చెల్లిస్తున్నాడు. చిన్న ‘బి’ పొట్ట ఎటువైపు ఉండాలో, ‘డి’ది ఎటువైపో తెలియక వాడు రబ్బరుతో రుద్దితే మీ కాగితం చిరుగుతుంది, కాగితం చిరిగిన మర్నాడు తెల్లవారేసరికి వాడికి కడుపునొప్పి వస్తుంది. బడి బస్సు వీధి మలుపు తిరిగిపోగానే ఆ నొప్పి తగ్గిపోవడం మీ మహిమే అయి ఉండాలి.

మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ వయసులో వాటిలో చాలావరకు ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటాయి గనుక ఎక్స్‌రేలో సగం కూడా కనిపించవు. తమరికి ఉన్నవి అట్టలే తప్ప ఎముకలు కావు కాబట్టి ఈ సంగతి తెలియకపోవడం తమ తప్పు కాదు.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే ఉండకూడదని 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. అయితే మీరు పాఠ్యపుస్తకం కారు, రాత పుస్తకం. అందువల్ల ఆ మాట మీకు వర్తించదని బడివారు నిర్ణయించుకున్నట్టున్నారు. ఆ తర్కానికి జోహార్లు.

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు మనవడు మీ మీదే తల పెట్టి నిద్రపోతే, మా అబ్బాయి పిల్లవాడి రాతలా కనిపించాలని ఎడమచేత్తో మిగతా పేజీ పూర్తిచేశాడు. మర్నాడు దాని కింద ఎర్రసిరాతో ‘నాట్ నీట్’ అని వచ్చింది. ఇంజినీరింగ్ పట్టా ఉన్న మనిషి రెండు రోజులు ముభావంగా తిరిగాడు.

మా పక్క వీధిలో ఒక అంగన్‌వాడీ ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు సంతానమైన ఆ కేంద్రంలో పిల్లలు బంకమట్టితో ఉండలు చేస్తారు, చింతపిక్కలు ఏరి గుంటల్లో వేస్తారు, పాట పాడి, మధ్యాహ్నం గుడ్డు తిని పడుకుంటారు. పెన్సిలు పట్టవలసిన వేళ్ళకు బలం వచ్చేది ఆ పిక్కల దగ్గరే. మా కాలనీవారు మాత్రం అక్కడికి పిల్లలను పంపరు. హోంవర్కు ఇవ్వరట!

కనుక నేనే నిన్నటినుంచి మనవడిని పక్కన కూర్చోబెట్టుకొని చిక్కుడుకాయలు ఒలిపిస్తున్నాను. నిన్న మీకు కప్పం అందలేదు. ఈరోజు కూడా అందదు. ఖాళీగా ఉండడం మీకు అలవాటు లేదు గదా అని ఈ ఉత్తరం మీ పేజీల్లోనే రాస్తున్నాను. అరవై నాలుగేళ్ళ చేయి, గీతలు దాటుతోంది. ఎర్రసిరా సిద్ధం చేసుకోగలరు.

ఇట్లు,
చిక్కుడుకాయల నాయనమ్మ