మన సైట్‌ను ఎవడు పట్టించుకుంటాడండీ!

చిన్న వ్యాపారులకు అణకువ తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నమ్మకం లేకపోతే వాళ్ల వెబ్‌సైట్ గురించి అడిగి చూడండి. "మనదేముందండీ, నాలుగు పేజీల సైటు. దాన్ని హ్యాక్ చేసి ఎవడేం బావుకుంటాడు?" అంటారు. డ్యాష్‌బోర్డ్ తెరవగానే పదిహేడు అప్‌డేట్లు పెండింగ్‌లో ఉన్నాయని కనిపించినా చలించరు. ఇలాంటి నిశ్చలత్వం కోసం రుషులు ఎన్నేళ్లు తపస్సు చేశారో గానీ, మనవాళ్లకు మాత్రం హోస్టింగ్ ప్యాకేజీతో పాటే వచ్చేసింది.

దీన్ని బద్ధకం అని కొట్టిపారేస్తున్నారు సాంకేతిక నిపుణులు. వాళ్లకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కాబట్టి నేను పూనుకుంటున్నాను.

హ్యాకర్ మన సైట్‌ను ఏరికోరి ఎంచుకోడన్నది వాళ్ల మొదటి వాదన. నిజమే, అసలు అక్కడ మనిషే ఉండడు. ప్రపంచంలోని సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. అందుకే ఒక ప్లగిన్‌లో, అంటే అదనపు సౌకర్యం కోసం సైట్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లో, అప్‌డేట్‌తో పూడ్చని కన్నం దొరికితే చాలు, ఒక ప్రోగ్రామ్ రాసి వదులుతారు. అది ఇంటింటికీ తిరిగి "ఫలానా ప్లగిన్ పాత వెర్షన్ ఉందా అండీ?" అని అడుగుతూ పోతుంది. పెద్దా చిన్నా తేడా దానికి లేదు. సెర్చ్‌లో మన సైట్ తొమ్మిదో పేజీలో ఎక్కడో పడి ఉంటుంది, కస్టమర్లు కన్నెత్తి చూడరు. అలాంటిది రాత్రనక పగలనక వచ్చి ప్రతి మూలా శ్రద్ధగా చూసి వెళ్లే సందర్శకుడు ఇతనొక్కడే. తలుపు వేసి ఉంచితే ఏం మర్యాద?

పైగా అతను వచ్చి ఊరికే పోడు. మన నాలుగు పేజీలు అతనికి అక్కర్లేదు, కావాల్సింది మన సర్వర్, అంటే సైట్ ఉండే కంప్యూటర్. దాని నుంచి వేలకొద్దీ స్పామ్ మెయిళ్లు పంపుతాడు. ఏదో బ్యాంకు లాగిన్ పేజీకి నకలు తయారుచేసి మన ఫోల్డర్లలో ఓ మూల పెడతాడు. ఒక్కోసారి రాత్రికి రాత్రే వేల పేజీలు కొత్తగా పుట్టించేస్తాడు, అవీ జపనీస్‌లో! కంటెంట్ రాసేవాళ్లు దొరకడం లేదని ఏడాదిగా బాధపడుతున్న యజమానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇంకో సౌకర్యం కూడా ఉంది. అడ్మిన్‌గా లాగిన్ అయి చూస్తే అంతా మామూలుగానే కనిపించేలా, సెర్చ్ నుంచి ఫోన్‌లో వచ్చేవాళ్లు మాత్రమే వేరే సైట్‌కు పోయేలా ఏర్పాటు చేస్తాడు. యజమానికి టెన్షన్ పెట్టకూడదన్న ఆ పెద్దమనసు చూడండి. చివరికి బ్రౌజర్ ఎర్రటి తెర వేసి "ఈ సైట్ ప్రమాదకరం" అని హెచ్చరించాకే ఆయనకు సంగతి తెలుస్తుంది, అదీ ఏ కస్టమరో ఫోన్ చేసి చెబితే.

రెండో వాదన కాస్త చిక్కుది. అప్‌డేట్ విడుదలైందంటే, కన్నం ఎక్కడుందో లోకానికంతా చాటినట్టేనట. పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం మార్చారో తెలిసిపోతుంది. అందుకే 2017 జనవరిలో వర్డ్‌ప్రెస్ 4.7.2 తెచ్చినప్పుడు, అందులో సరిచేసిన ఒక పెద్ద లోపం గురించి దాదాపు వారం రోజులు నోరు మెదపలేదు. అందరూ అప్‌డేట్ చేసుకున్నాక చెబుదామనుకున్నారు. అందరూ చేసుకోలేదు. బయటపెట్టిన కొద్ది రోజుల్లోనే లక్షల పేజీల మీద హ్యాకర్లు తమ పేర్లు రాసుకున్నారు.

వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్ వాళ్లయితే మరీ అన్యాయం. 2014 అక్టోబర్ 15న కన్నం పూడ్చే ఒక ప్యాచ్ ఇచ్చి, రెండు వారాల తర్వాత తాపీగా ఇంకో ప్రకటన చేశారు. ప్యాచ్ వచ్చిన ఏడు గంటల్లోగా వేసుకోనివాళ్లు తమ సైట్ హ్యాక్ అయిపోయిందనే అనుకోవాలట. ఏడు గంటలు! మనం "తర్వాత చూద్దాం" అన్నామంటే అందులో ఏడు గంటలు ఏ మూలకు?

అయినా పెద్దవాళ్లే ఇలా ఉంటే మనల్ని అనడం ఎందుకు? అమెరికాలో కోట్లమంది అప్పుల చరిత్ర దాచుకునే ఈక్విఫ్యాక్స్ ఉంది. వాళ్లు వాడే అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌లో లోపానికి 2017 మార్చిలోనే మరమ్మతు వచ్చింది. ఆ కన్నంలోంచే మే నెలలో దొంగలు దూరారు. పోయినవి 14 కోట్లకు పైగా మనుషుల వివరాలు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరుగుతాయంటారు కదా, అక్కడ జూలై చివరికే మొరిగాయి. ఎంతైనా పెద్ద సంస్థ.

నవ్వులాట పక్కన పెడితే, ఒక్కచోట మాత్రం నిపుణులు కాస్త తల దించుకోవాలి. అప్‌డేట్ చేస్తే సైట్ పాడవుతుందన్న భయం ఉత్తిది కాదు. నిన్నటిదాకా బాగా పనిచేసిన ఆర్డర్ ఫారం ఇవాళ మాయమవుతుంది, పేజీ తెల్లకాగితంలా మిగులుతుంది. 2017లోనే డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ చేతులు మారింది. కొన్నవాళ్లు అప్‌డేట్ రూపంలోనే స్పామ్ కోడ్ పంపారు, బుద్ధిగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లే ఇరుక్కున్నారు. ముందు బ్యాకప్ తీసుకుని, సైట్ నకలు మీద ఒకసారి ప్రయత్నించి చూడండి అంటారు నిపుణులు. బ్యాకప్ మనకూ ఉంది. అదే సర్వర్‌లో, అదే ఫోల్డర్ పక్కన. వచ్చినవాడు వెతుక్కోకుండా!

అసలు ఇదంతా ఎవరు చూడాలన్నది ఇంకో గమ్మత్తు. సైట్ కట్టిన కుర్రాడు చివరి విడత డబ్బు తీసుకుని వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. హెచ్చరిక మెయిళ్లన్నీ ఇప్పటికీ అతని పాత అడ్రస్‌కే పోతున్నాయి. పోతూ పోతూ డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ను, అంటే సైట్ రూపురేఖల ఫైళ్లను, ఎక్కడో ఉచితంగా సంపాదించి పెట్టాడు. దొంగదారి కూడా అందులోనే, అదనపు ఖర్చు లేకుండా. వాడని ప్లగిన్లను డిలీట్ చేయలేదు, డీయాక్టివేట్ చేసి వదిలేశాడు. ఆ ఫైళ్లు సర్వర్‌లో అలాగే ఉన్నాయి. కొన్నింటిని తయారుచేసినవాళ్లే వదిలేసి ఏళ్లయింది కాబట్టి వాటికి అప్‌డేట్లే రావు. అప్‌డేట్ల బెడద లేని ప్లగిన్ అంటే యజమానికి అదే మంచిది. వీటన్నిటి కింద నడిచే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ 7.4 వెర్షన్‌కు 2022 నవంబర్‌తోనే సపోర్ట్ ఆగిపోయింది. సైట్ మాత్రం తెరుచుకుంటూనే ఉంది కదా, ఇంకేం?

ఈ ప్రశాంతతను చెడగొట్టడానికి కుట్రలు కూడా జరుగుతున్నాయి. 2013లో 3.7 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తన చిన్న భద్రతా అప్‌డేట్లను తానే వేసేసుకోవడం మొదలుపెట్టింది. 2020లో 5.5 వచ్చాక ప్లగిన్లకూ థీమ్‌లకూ ఆ వీలు కల్పించింది. ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలు, ఆ తర్వాత వాయిదా వేయడానికి మనకంటూ ఏ పనీ మిగలదు. ఆ సెట్టింగ్ ఎక్కడుందో నేను చెప్పను. ప్లగిన్ల పేజీలో కుడివైపు చివరి నిలువు వరుసలో, ఒక్కో ప్లగిన్‌కు ఎదురుగా ఉంటుంది. కానీ చెప్పను.