సవరణ: బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ గురించి

కోరంగి, యానాం తీరం మీద మొన్న రాసిన పోస్టులో బర్మా నుంచి వచ్చిన తెలుగువాళ్ళను పరదేశీ శరణార్థులన్నాను. వాళ్ళకు ఆశ్రయమివ్వాలా వద్దా అన్నది మునిసిపాలిటీయే తేల్చిందని కూడా రాశాను. రెండూ తప్పే. అది చదివి బాధపడ్డవాళ్ళకు నా క్షమాపణలు.

వాళ్ళ తాతలు ఈ తీరాన ఓడెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళు. అక్కడ తెలుగువాళ్ళను ‘కోరంగీలు’ అనేవారంటేనే ఆ బంధం అర్థమవుతుంది. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు చాలామంది కొండలు దాటి నడిచొచ్చారు. 1962లో బర్మా సైన్యం అధికారం చేజిక్కించుకుని, 1964లో దుకాణాలను జాతీయం చేశాక మళ్ళీ వేలమంది కట్టుబట్టలతో వచ్చేశారు. మనం కాందిశీకులన్నా, ప్రభుత్వ లెక్కలో వాళ్ళు స్వదేశానికి తిరిగొచ్చినవాళ్ళు. ఈ తేడా చిన్నది కాదు, వాళ్ళు వచ్చింది సొంత గడ్డకే.

ఇక అధికారం సంగతి. పౌరసత్వం, దేశంలోకి రాక కేంద్రం చేతిలోవి. శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరలేదు. పంచాయతీలకు రాజ్యాంగం 11వ షెడ్యూలు చూపించిన 29 అంశాల్లో శరణార్థుల ఊసు లేదు, సాంస్కృతిక కార్యక్రమాలు మాత్రం ఉన్నాయి. అంటే కొత్తగా వచ్చినవాళ్ళ వీధికి కుళాయి, దీపం, వాళ్ళ పండగకు చోటు ఇవ్వడం స్థానిక సంస్థల చేతిలో పనే. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ తీసేశాను.