యూరాలజీ సీఎంఈకి నర్సునూ, టెక్నీషియన్‌నూ పిలవండి

భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రతి వైద్యుడూ ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యకు, అంటే మనం సీఎంఈ అని పిలుచుకునే కార్యక్రమాలకు, కేటాయించాలి. ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఎంసీహెచ్ పట్టా అందుకున్న నాటికి వచ్చిన విద్యతోనే జీవితాంతం నెట్టుకురాగలిగే రంగం కాదు మనది. అయితే హైదరాబాద్‌లో యూరాలజిస్టుగా, అంటే మూత్రవ్యవస్థ శస్త్రచికిత్స నిపుణుడిగా, పనిచేస్తూ ఏళ్ల తరబడి ఈ సదస్సులకు వెళ్లి వస్తున్న నాకు ఒక విషయం నానాటికీ ఎక్కువ బాధ కలిగిస్తోంది. యూరాలజీ రోగికి జరిగే మేలులోనూ కీడులోనూ పెద్ద వాటా ఉన్న వార్డు నర్సులకూ, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లకూ, ఊళ్లలో ఆ రోగిని మొదట చూసే వైద్యులకూ ఈ చదువులో చోటు లేదు.

మన సదస్సులు ఎలా జరుగుతాయో వెళ్లినవారందరికీ తెలుసు. ఆదివారం ఉదయం ఏ మాదాపూర్‌లోనో, బంజారాహిల్స్‌లోనో ఒక పెద్ద హోటల్ హాలు. రాళ్లను పొడి చేసే తులియం ఫైబర్ లేజర్ మీద ఒక ప్రసంగం, రోబోటిక్ శస్త్రచికిత్స మీద మరొకటి, ఒకసారి వాడి పారేసే ఫ్లెక్సిబుల్ స్కోపుల మీద ఇంకొకటి. హాజరు పట్టీలో సంతకం, క్రెడిట్ అవర్స్ సర్టిఫికెట్, భోజనం. ఈ విషయాలు అక్కర్లేదని నేను అనను. వీపు నుంచి చిన్న రంధ్రం చేసి కిడ్నీ రాయిని తీయవచ్చని స్వీడన్ వైద్యులు 1976లో చూపారు, 1980లో మ్యూనిక్‌లో బయటి నుంచి పంపిన తరంగాలతో తొలిసారి రోగి శరీరంలోని రాయిని పగలగొట్టారు, ఆ తర్వాత ఒక తరం గడిచేలోపే కిడ్నీ రాళ్లకు కడుపు కోసే ఆపరేషన్ దాదాపు కనుమరుగైంది. ఇంత వేగంగా మారిన రంగంలో కొత్త యంత్రం గురించి తెలుసుకోకుండా ఉండటం కుదరదు. కానీ ఆ యంత్రాన్ని కడిగేదీ, అమర్చేదీ, ఆపరేషన్ అయ్యాక రోగికి జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపేదీ ఆ హాలులో చోటు లేని మనుషులు.

డీజే స్టెంట్ సంగతే తీసుకోండి. కిడ్నీ నుంచి మూత్రాశయం వరకు మూత్రనాళంలో ఉంచే ఈ సన్నని గొట్టాన్ని ఇప్పటి రూపంలో 1978 నుంచి వాడుతున్నాం. రాయి తీసిన తర్వాత నాళం వాచి మూసుకుపోకుండా ఇది కాపాడుతుంది. పని అయిపోయాక, సాధారణంగా కొద్ది వారాల్లో, ఎక్కువలో ఎక్కువ మూడు నెలలకు దాన్ని తీసేయాలి లేదా మార్చాలి. తీయడం నిమిషాల పని. చాలామందికి మత్తుమందు కూడా అవసరం లేదు, జెల్లీ రాసి స్కోపుతో లాగేయవచ్చు. తీయకుండా వదిలేస్తే మాత్రం దాని మీద లవణాలు పేరుకుంటాయి, ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి, గొట్టం రెండు కొసలా రాళ్లు కడతాయి, పెళుసుబారి లోపలే ముక్కలు కావచ్చు. అప్పుడు దాన్ని బయటకు తేవడానికి మూత్రాశయంలో ఒక ఆపరేషన్, నాళంలో మరొకటి, కిడ్నీలో ఇంకొకటి చేయాల్సి వస్తుంది. ఒక్కోసారి కిడ్నీయే దక్కదు.

ఈ మరిచిపోయిన స్టెంట్లు మన నగరంలోని పెద్ద ఆసుపత్రులకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వాటితో వచ్చేవారిలో పేదలే ఎక్కువమంది కనిపిస్తారు. మహబూబ్‌నగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో ఆరోగ్యశ్రీ కింద వచ్చిన మనిషి, నొప్పి పోయింది కాబట్టి రోగం పోయిందనుకుని ఇంటికి వెళ్లి, మళ్లీ పనిలో పడతాడు. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ ఉన్నట్టు రాసే ఉంటుంది, కాకపోతే ఇంగ్లిషులో, మందుల జాబితా కింద, చివరి వరుసలో. దాన్ని ఆయనకు తెలుగులోనో ఉర్దూలోనో విడమరిచి చెప్పాల్సిన నర్సుకు, అది లోపల ఉండిపోతే ఏమవుతుందో ఎవరూ నేర్పలేదు. ఏడాది తర్వాత మూత్రంలో రక్తం వస్తోందని ఆయన వెళ్లి కలిసే ఊరి డాక్టరు, ఎక్స్‌రే తీయించకుండా యాంటీబయాటిక్ రాసి పంపుతాడు. ఈ గొలుసులో సర్జన్ నైపుణ్యానికి లోటేమీ లేదు. ఆయన ఆపరేషన్ చక్కగా చేశాడు, క్రెడిట్ అవర్స్ కూడా నిండుగా ఉన్నాయి. పెట్టిన ప్రతి స్టెంట్‌నూ ఒక రిజిస్టరులో రాసి, తీయాల్సిన తేదీ దాటగానే రోగికి ఫోన్ చేసే బాధ్యతను ఒక నర్సుకు అప్పగించి, ఆమెకు ఆ సమయం కేటాయిస్తే ఈ కిడ్నీలలో చాలావాటిని కాపాడుకోగలం. అయినా స్టెంట్ రిజిస్టరు ఎలా నడపాలో నేర్పే పూటకు మన సదస్సుల్లో స్పాన్సర్ దొరకడు.

థియేటర్ లోపలి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. మూత్రనాళం గుండా స్కోపు పంపి కిడ్నీలోని రాయిని లేజర్‌తో పొడి చేసేటప్పుడు, చూపు స్పష్టంగా ఉండటానికి సెలైన్ పారిస్తూ ఉంటాం. కిడ్నీ లోపలి పీడనం సుమారు 30 నుంచి 40 మిల్లీమీటర్ల పాదరస పీడనం దాటితే ఆ నీరు వెనక్కి తన్ని, అందులోని బ్యాక్టీరియాతో సహా రక్తంలోకి చేరుతుంది. ఆ రాత్రే రోగికి వణుకుతో జ్వరం, బీపీ పడిపోవడం, ఐసీయూ. సెలైన్ సంచిని ఎంత ఎత్తులో వేలాడదీశారు, సిరంజితో ఎంత బలంగా నెడుతున్నారు, బయటకు వస్తున్న నీటిని ఎవరైనా గమనిస్తున్నారా అన్నవి ఇక్కడ ప్రాణానికి సంబంధించిన ప్రశ్నలు. ఆ సిరంజి చాలా థియేటర్లలో టెక్నీషియన్ చేతిలో ఉంటుంది. సర్జన్ "కనబడటం లేదు, ఇంకొంచెం నెట్టు" అంటాడు, ఆ అబ్బాయి నెడతాడు. పీడనం గురించిన ప్రసంగాన్ని సర్జన్ ఏసీ హాలులో విని ఉండవచ్చు, నెట్టిన అబ్బాయి వినలేదు, "సార్, ఇక చాలు" అనే చనువూ అతనికి లేదు. ఆపరేషన్‌కు ముందు, మూత్రంలో బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పే యూరిన్ కల్చర్ రిపోర్టు వచ్చిందా లేదా అని అడిగే అధికారం వార్డు నర్సుకు ఉంటే ఇలాంటి సెప్సిస్ కేసుల్లో కొన్ని అసలు థియేటర్ దాకా రావు. ఈ ముగ్గురినీ ఒకేచోట కూర్చోబెట్టి నేర్పాల్సిన పాఠం ఇది. విడివిడిగా నేర్పితే పని జరగదు.

నర్సులకు వాళ్ల మండలి తరఫున వేరే నిరంతర విద్య ఉంది కదా అని మిత్రులు కొందరు అంటారు. అందులో యూరాలజీకి దక్కే వాటా బహు స్వల్పం, పైగా సర్జన్ పక్కన కూర్చుని సర్జన్‌ను ప్రశ్నించే అవకాశం అక్కడ ఉండదు.

సదస్సులో ఏది మాట్లాడాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న కూడా దీనితో ముడిపడే ఉంది. మూత్రనాళంలో రాయి ఉన్న ప్రతి రోగికీ, అది దానంతట అదే బయటపడుతుందన్న ఆశతో, టామ్సులోసిన్ అనే మాత్ర రాసే అలవాటు మనకు ఉంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం వెయ్యి మందికి పైగా రోగులను పరిశీలించి, నాలుగు వారాల్లో మరో చికిత్స అవసరం పడకుండా చేయడంలో ఆ మాత్రకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా లేదని తేల్చింది. నాళం కింది భాగంలో 5 మిల్లీమీటర్ల కన్నా పెద్ద రాయి ఉన్నప్పుడు కొంత ప్రయోజనం ఉండవచ్చని ఇతర పరిశీలనల ఆధారంగా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే ఎవరికి రాయాలో, ఎవరికి అక్కర్లేదో విడదీసి చెప్పుకోవాల్సిన విషయం ఇది. ఎక్కువ ప్రిస్క్రిప్షన్లు రాసేది ఊళ్లలోని జనరల్ వైద్యులే కనుక వాళ్లకే ముందు చెప్పాలి. అలాంటి సెషన్‌ను మాత్రలు అమ్ముకునే కంపెనీ డబ్బుతో పెట్టించడం సాధ్యమేనా?

నియమాలు లేక కాదు. కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే వైద్య మండలి నిబంధన చేర్చింది. ఆ కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయపు పన్నులో తగ్గించుకోకూడదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కంపెనీల స్పాన్సర్‌షిప్ ఉన్న విద్యా కార్యక్రమాలకు దూరంగా ఉండాలంటూ, ఆ మండలి స్థానంలో 2020లో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న నోటిఫై చేసిన నిబంధనలు అదే నెల 23న నిలిచిపోయాయి, పాత 2002 నియమావళే తిరిగి అమల్లోకి వచ్చింది. మూడు వారాల ముచ్చట.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవారికి మన నగర చరిత్రలోనే ఒక సమాధానం ఉంది. మత్తు కోసం క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు మరణం గుండె ఆగడం వల్ల వస్తుందా, ఊపిరి ఆగడం వల్ల వస్తుందా అని ప్రపంచమంతా వాదించుకుంటున్న రోజుల్లో, 1888లోనూ 1889లోనూ హైదరాబాద్‌లో రెండు కమిషన్లు కూర్చుని ప్రయోగాలు చేశాయి. రెండో కమిషన్‌కు లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించడానికి ఆరో నిజాం ప్రభుత్వమే సొమ్ము ఇచ్చింది. ఆ కమిషన్ తేల్చిన మాట తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదన్నది వేరే విషయం. ఒక వైద్య ప్రశ్నకు ప్రజల ఖజానా నుంచి ఖర్చు పెట్టవచ్చని ఇక్కడి పాలకులు అప్పుడే ఒప్పుకున్నారు. పైగా నేను అడుగుతున్న చదువుకు హోటల్ అక్కర్లేదు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ వంటి బోధనాసుపత్రుల్లో లెక్చర్ హాళ్లున్నాయి, చెప్పగల ఆచార్యులున్నారు, అన్నిటికన్నా ముఖ్యంగా కేసులున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులు నెలకు ఒక మధ్యాహ్నం అత్యవసరం కాని ఆపరేషన్లు ఆపుకుంటే చాలు.

కాబట్టి రాష్ట్ర వైద్య మండలిని నేను కోరేవి ఇవి. సర్జన్, నర్సు, టెక్నీషియన్ కలిసి హాజరై తమ యూనిట్‌లో జరిగిన కాంప్లికేషన్లను చర్చించే నెలవారీ సమావేశానికి, హోటల్ సదస్సుకు ఇచ్చినట్టే గంటకు గంట క్రెడిట్ ఇవ్వాలి. అక్కడ చెప్పిన మాటలు శిక్షకు ఆధారం కాకూడదని ముందే లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు. యూరాలజీ యూనిట్లన్నీ స్టెంట్ రిజిస్టరు నడపాలి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చే యూరాలజిస్టు గత ఐదేళ్లలో తన యూనిట్‌లో ఎన్ని స్టెంట్లు పెట్టారో, వాటిలో ఎన్నింటిని గడువులోగా తీశారో సీఎంఈ సర్టిఫికెట్లతో పాటు సమర్పించాలి. ఆ సంఖ్యలు మొదటి ఏడాది ఎంత ఇబ్బందికరంగా ఉన్నా సరే, జిల్లాల వారీగా బయటపెట్టాలి.