కోడి లేచాక బండి

అల్లూరు దగ్గర ఒక పల్లెలో, గొడ్ల సావిడి చివర, గడ్డిమోపుల వెనక కనబడింది ఆ యెజ్డీ రోడ్‌కింగ్ మోటార్ సైకిల్. సీటు మీద గంప, గంపలో పొదుగు కోడి. ఇరవై ఏళ్లుగా ఆ బండి చేస్తున్న ఉద్యోగం ఏమిటో చూడగానే అర్థమైంది.

12,000కు బేరం కుదిరింది. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాక పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "బండి నీదే నాయనా. కాకపోతే కోడి లేవాలి."

గుడ్లు పిల్లలు కావడానికి 21 రోజులు. అప్పటికి అయిదే గడిచాయట. గంపను దించి పక్కన పెడితే పోలేదా అన్నాను. చోటు మారితే కోడి అలుగుతుందన్నాడు. పదహారు రోజులు ఆగి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళితే తొమ్మిది పిల్లలతో తల్లి ఎదురొచ్చింది. బండిని ఎక్కిస్తుండగా పెద్దాయన నుదురు రుద్దుకుంటూ, "దీని గురించి నీకు ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి, ఏమిటో గుర్తుకు రావడం లేదు" అన్నాడు. ఇంతలో ఒక పిల్ల కాలవలో పడింది. ఆ మాట కూడా దానితోపాటే పోయింది.

1961లో జావా పేరుతో మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అంటే సామాన్లు కావాలంటే చెన్నై పుదుపేటకు పోవలసిందే. నెల్లూరులో పాత బండ్లు తప్ప మరేవీ ముట్టని మా మెకానిక్ భాయ్ చీటీ రాసివ్వడం, నేను పినాకిని రైలు ఎక్కడం. ఇలా నాలుగు సార్లు. మూడోసారి తెచ్చిన పిస్టన్ మా బండిది కాదని తేలింది. కొనేటప్పుడు చక్కగా తెలుగు మాట్లాడిన కొట్టాయనకు, వెనక్కి ఇవ్వబోతే ఒక్క ముక్క రాలేదు.

ట్యాంకు సంగతి వేరే చెప్పాలి. మూత తీసి లోపలికి టార్చి వేస్తే ఎర్రటి పొలుసులు, చచ్చిన బొద్దింక ఒకటి. తుప్పు వదలాలంటే చింతపండు నానబెట్టిన నీళ్లు పోసి, గుప్పెడు కంకర వేసి ఊపమన్నాడు భాయ్. ఆదివారం పూట వంటింట్లోని కొత్త చింతపండు కిలో పట్టుకుపోయాను. మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చుని, ట్యాంకును ఒళ్లో పెట్టుకుని పసిపిల్లను ఊపినట్టు ఊపాను. లోపలి నుంచి గలగలమంటూ ముదురు గోధుమరంగు పులుసు వచ్చింది. మా ఆవిడ చూసి, "రంగు కుదిరింది. మామిడికాయ ముక్కలు వేయమంటారా?" అంది. ఆ రోజు కొరమేను ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. నెల్లూరు వాడికి ఆదివారం చేపల పులుసు లేకపోవడం ఎంత శిక్షో బయటివాళ్లకు చెప్పినా తెలియదు.

ఎనిమిది నెలలకు, 64,000 వదిలాక, మెరూన్ రంగు వేసుకున్న బండి వీధిలో నిలబడింది. పొదలకూరు నిమ్మకాయలు రెండు ముందు చక్రం ఎదుట పెట్టాం. హారతి ఇచ్చారు. ఈ బండికి కిక్కు రాడ్డు, గేరు రాడ్డు ఒకటే. కిక్కు కొట్టాక దాన్నే ముందుకు మడిస్తే గేరవుతుంది. ఆ విద్య వీధి పిల్లలకు వివరించి, గర్వంగా ఒక కిక్కు ఇచ్చాను. చెప్పులు కొత్తవి, కాలు సగంలో జారింది. అయినా ఇంజను అందుకుంది! నీలిపొగ, ఆ పాత టపటప శబ్దం... నా కళ్లు చెమర్చాయి. మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను.

బండి వెనక్కి పోయింది.

కంగారులో ఎక్సలరేటర్ తిప్పాను. ఇంకా జోరుగా వెనక్కి పోయింది. వెనక ఎదురింటి పిన్నిగారి నులక మంచం, మంచం మీద పాతచీర, చీర నిండా సగ్గుబియ్యం వడియాలు. తాళం చెవి తిప్పేసరికి నేను వాటి మధ్యలో ఉన్నాను. నిమ్మకాయలు రెండూ పెట్టినచోటే, నలగకుండా ఉన్నాయి.

"టైమింగు ముందుకు జరిగింది సార్" అన్నాడు భాయ్, పాయింట్ల మూత విప్పుతూ. పిస్టన్ పైకి చేరకముందే మంట పడింది, నా కిక్కులో బలం లేదు, పిస్టన్ వెనక్కి తన్నింది, ఇంజను ఎదురు తిరిగింది. బుల్లెట్ లాంటి బండిలో గాలి, పొగ దారులు తెరిచి మూసే వాల్వులు వరస తప్పనివ్వవు. దీనికి వాల్వులే లేవు, సిలిండర్ గోడకు రంధ్రాలే. ఎటు తిరిగినా వాటికి ఒకటే. అందుకే ఆ టపటపలో నాకు తేడా తెలియలేదు.

పిన్నిగారికి రెండు కిలోల సగ్గుబియ్యం కొనిచ్చి, సాయంత్రం పల్లెకు ఫోను చేశాను. పెద్దాయన అంతా విని, "ఆ, ఆరోజు గుర్తుకు రాని మాట అదే నాయనా!" అన్నాడు సంతోషంగా. "మా తమ్ముణ్ణి వెనక్కి తీసుకుపోయి బావి గట్టుకు కొట్టింది. అందుకే కదా కోళ్లకిచ్చింది."