పదివేల పేర్ల జాబితా గారికి

మహారాజశ్రీ పదివేల పేర్ల జాబితా గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ తల్లీబిడ్డలు క్షేమం. పేరు సంగతే ఓ పట్టాన తేలలేదు.

ఆ సంగతి మీకు తెలియనిది కాదు. అమ్మాయి పుట్టిన రోజు నుంచి మా ఇంట్లో ఏడు ఫోన్లలోనూ మీరే కొలువై ఉన్నారు. అన్నం వడ్డిస్తూ ఒకరు, బట్టలు ఆరేస్తూ ఒకరు మిమ్మల్ని పారాయణ చేస్తున్నారు. మా తమ్ముడు ‘అ’ నుంచి మొదలుపెట్టి మూడో రాత్రికి ‘క’ దగ్గర నిద్రపోయాడు.

మా అమ్మాయిది ఆరుద్ర మూడో పాదం. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, పాదానికో అక్షరం, వెరసి 108. అశ్వినిలో పుట్టినవాళ్ళకు చూ, చే, చో, లా దొరికాయి, అదృష్టవంతులు. ఆరుద్రకు వచ్చినవి కు, ఘ, ఙ, ఛ. మూడోది చూశారుగా? ఒకటో తరగతి పలక మీద దిద్దిన తరువాత ఆ అక్షరం నాకు మళ్ళీ ఎక్కడా తారసపడలేదు. మీ దగ్గర మాత్రం దాని కింద అరవై పేర్లున్నాయి. అన్నీ ‘న’తోనే మొదలవుతున్నాయి. మీ ధైర్యానికి జోహార్లు. పురోహితుడు గారికి అంత ధైర్యం లేదు; అదే నక్షత్రంలో మరో పాదం అక్షరం తీసుకోమని మెల్లగా తప్పుకున్నారు.

ఇక అర్థాలు. మీ పేర్లన్నింటికీ కలిపి మూడే అర్థాలు: వెలుగు, విష్ణువు, దేవుడిచ్చిన కానుక. భీష్ముడంతటివాడు అంపశయ్య మీద పడుకుని విష్ణువుకు వెయ్యి పేర్లు చెప్పి ఆగాడు. మీరు ఆగలేదు. ‘రేయాంశ్’ అంటే వెలుగు కిరణమని రాశారు. అంశ తెలుసు, బాగానే ఉంది. కానీ తెలుగువాడికి రే అంటే రేయి, చీకటి. ఇంగ్లీషు కిరణాన్ని తెచ్చి సంస్కృతపు తోకకు అతికించి, మా ఎదురింటి పిల్లవాడికి తగిలించారు. వాళ్ళ నాయనమ్మ నోరు తిరగక వాణ్ణి ‘రాయన్నా’ అని పిలుస్తోంది. నాకైతే అదే బాగుంది.

ఒకప్పుడు పేరు వింటే ఊరు తెలిసేది. నూకరాజంటే అనకాపల్లి నూకాలమ్మ, పైడితల్లంటే విజయనగరం, మద్దిలేటి అంటే కర్నూలు వైపు, యాదగిరి అంటే చెప్పనక్కరలేదు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ ఒక్కడైనా మిగలాలని పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అనేవారు. ఆ పేరుకు అర్థం అడగడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. మీ పట్టికలో ఆ పేరు ఎక్కదు, ఎక్కినా ఎదురుగా ‘వెలుగు’ అనే రాసి ఉంటారు.

మొదట నేను ‘ఛాయ’ అన్నాను. పాదం కాకపోయినా నక్షత్రం కలిసింది, పైగా మీ వెలుగుల మధ్య కాస్త నీడ. మా అమ్మ ఒప్పుకోలేదు. ఛాయాదేవి శని తల్లి కదా, తెలిసి తెలిసి ఇంటికి తెచ్చుకుంటామా అంది. ‘ఘ’ దగ్గర ఘనశ్యామ తప్ప ఏమీ తోచలేదు, పుట్టింది ఆడపిల్ల.

అప్పుడు మా మామగారు నోరు విప్పారు. ఆయన చిన్నప్పుడు సంస్కృత నిఘంటువు అమరకోశం వల్లె వేశారు. అది కూడా జాబితాయే, మీకు దూరపు చుట్టం. కాకపోతే అమరసింహుడు అక్షరాల వరుసలో రాయలేదు. నీళ్ళ దగ్గర నీళ్ళ మాటలు, చెట్ల దగ్గర చెట్ల మాటలు కూర్చాడు. ఏ వస్తువు మీద మనసుందో అక్కడికి వెళితే పేర్లు గుంపుగా దొరుకుతాయి. మామగారు కళ్ళు మూసుకుని చెరువులోకి దిగి, నల్ల కలువలు దాటి, ‘సితే కుముదకైరవే’ దగ్గర ఆగారు. కుముద. తెల్ల కలువ. మొదటి పాదానికి సరిపోయింది. చంద్రుడు వస్తే విచ్చుకునే పువ్వు కనుక చివరికి మేమూ వెలుగు దగ్గరికే చేరాం, ఒప్పుకుంటున్నాను.

సంఖ్యాశాస్త్రం తెలిసిన బంధువు ఒకాయన ఇంగ్లీషులో చివర ఇంకో ‘ఎ’ చేరిస్తే రాజయోగం అన్నారు. తెలుగులో రాస్తే ఆ యోగం కనిపించదే అన్నాను. ఆయన కాఫీ చల్లారిపోయింది.

ఈలోగా 21 రోజుల గడువుందని పేరు లేకుండానే జననం నమోదు చేయించాం. పేరు చేర్చడానికి 12 నెలల దాకా రుసుము లేదు, ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు చేర్చుకోవచ్చు. అన్నాళ్ళు ఆగితే పిల్లే పెట్టుకుంటుందిలే అంది మా ఆవిడ.

నిన్న బారసాల. పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాశాను. ‘ము’ కొమ్ము తిప్పేసరికి నాలుగు గింజలు పళ్ళెం దాటాయి. చెవిలో మూడుసార్లు పిలిస్తే ఆవలించింది. ఎర్రటి పొత్తిళ్ళలో ముడుచుకున్న ఆ పిల్లను చూసి మా నాయనమ్మ, ‘ఎవరేం రాసుకున్నా ఇది నా ఆరుద్ర పురుగే’ అంది. సాయంత్రానికి అందరి నోటా అదే.

ఇట్లు,
ఆరుద్ర పురుగు నాన్న