ట్రిపుల్ సెవెన్ కొట్టు తమ్మీ!

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల వెబ్‌సైట్లు చేసిపెట్టే దుకాణాల మీద పట్నం మేధావులు ఒక అభాండం వేస్తున్నారు. ఇక్కడ సెక్యూరిటీ లేదట! పచ్చి అబద్ధం. ఏ దుకాణంలో చూసినా సర్వర్‌కు ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ విన్‌ఎస్‌సీపీ ఉంటుంది, లేదా ఫైల్‌జిల్లా ఉంటుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అనే భద్రమైన దారి, దాని తలుపు పోర్ట్ 22, ఇవి తప్ప ఇంకో మాట లేదు. ఎడమ పక్క ఫైల్‌ని పట్టుకుని కుడి పక్క వదిలితే ముంబైలోనో సింగపూర్‌లోనో ఉన్న సర్వర్‌కు చేరేదాకా ఎన్‌క్రిప్ట్ అయ్యే పోతుంది. దారిలో ఎవడు మాటువేసినా వాడికి దక్కేది గజిబిజి అక్షరాలే.

ఈ భద్రత ఊరికే రాలేదు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్ 1971లో ఫైళ్లు పంపుకునే పద్ధతి ఎఫ్‌టీపీని రాసినప్పుడు నెట్‌వర్క్ చిన్నది, దొంగల భయం లేదు. పాస్‌వర్డ్ బట్టబయలుగా పోయినా అడిగే నాథుడు లేడు. 1995లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేస్తే, అక్కడి తాతు యులోనెన్ ఒళ్లుమండి, అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశాడు. ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది దాని మీదే. పాపం, అంత కష్టపడి ఆయన దాచిన పాస్‌వర్డ్‌ను మనవాళ్లు వాట్సాప్ గ్రూపులో పెడతారు. అదీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే కదా అంటారు. కాదనలేం. ఆ రెండో ఎండ్‌లో నలభై మంది ఉంటారు, అంతే. పోయిన దసరాకు పని మానేసి దుకాణం అన్నతో కొట్లాడి వెళ్లిన పిల్లగాడు కూడా అందులోనే ఉంటాడు. గ్రూపులోంచి తీసేస్తే బాగుండదు కదా.

ఇక ఫైళ్లు పంపే ఆ సాఫ్ట్‌వేర్‌కు అనుమానపు బుద్ధి ఎక్కువ. ఒక్కోసారి సర్వర్ వేలిముద్ర (దాన్ని గుర్తుపట్టే కోడ్) మారింది, మధ్యలో ఎవరైనా దూరి ఉండొచ్చు, చూసుకోండి అని పెద్ద హెచ్చరిక పెడుతుంది. రేషన్ షాపులో ముసలమ్మ వేలిముద్ర పడకపోతే కొంగుకు తుడిపించి తుడిపించి మళ్లీ పెట్టిస్తాం. సర్వర్ దగ్గర మాత్రం మనకు జాలి పుడుతుంది. హెచ్చరికలో రెండో వాక్యం చదివినవాడు జిల్లాలో ఉన్నట్టు దాఖలా లేదు. "ఏం గాదన్నా, ఎస్ కొట్టు" అంటాడు తమ్ముడు. అన్న కొడతాడు.

అన్నిటికన్నా గొప్పది మన ఔదార్యం. మిర్యాలగూడ రైస్ మిల్లు సైట్‌లో కొత్త ఫొటో ఎక్కడం లేదనుకోండి, 'పర్మిషన్ డినైడ్' అని వస్తుంది. ఫైల్ మీద హక్కులకు నంబర్లుంటాయి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. ఓనర్‌కు ఒక వరస, గ్రూపుకు ఒక వరస, ఇతరులకు ఒక వరస, మొత్తం తొమ్మిది గడులు. ఎవరికి ఏది అవసరమో ఆలోచించడం పిసినారి లక్షణం. తమ్ముడు రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోకి పోయి, తొమ్మిదింటికీ టిక్కు కొడతాడు, అంటే మూడు వరసలకూ 7, ట్రిపుల్ సెవెన్. లోపలి ఫోల్డర్లకు కూడా వర్తింపజేస్తాడు, అవెందుకు చిన్నబుచ్చుకోవాలి? ఫొటో ఎక్కుతుంది. అదే సర్వర్ మీద అకౌంట్ ఉన్న ముక్కూమొహం తెలియని వాడికి కూడా రాసుకునే హక్కు దక్కుతుంది.

ముందుచూపు లేదనడం కూడా అన్యాయమే. సైట్ సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ మార్చే ముందు దాని పక్కనే, పేరు చివర డాట్ బ్యాక్ (.bak) తగిలించి కాపీ పెడతారు. అసలు ఫైల్‌ని బ్రౌజర్‌లో అడిగితే సర్వర్ దాన్ని నడుపుతుంది తప్ప లోపలున్నది చూపించదు. డాట్ బ్యాక్‌కు చాలాచోట్ల ఆ మొహమాటం లేదు. డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. పారదర్శకత కావాలని ఊరూరా ధర్నాలు చేసే మనం దీన్ని తప్పుపట్టడం ఏం న్యాయం?

ఒక ఉదయం గూగుల్‌లో వెతికితే మిల్లు పేరు కింద జపాన్ అక్షరాలు కనిపిస్తాయి. చేతి గడియారాలు, హ్యాండ్‌బ్యాగులు, ఎవడో సైట్‌లో దూరి పెట్టిన వందల పేజీలు. సేఠ్ ఫోన్ చేస్తాడు.

"తమ్మీ, మన బియ్యం జపాన్‌కు గూడ పోతున్నయా?"

"బ్రౌజర్ల క్యాషె క్లియర్ చెయ్యుండ్రి సేఠ్, మొత్తం సెట్ అయితది."

ఆ సాయంత్రమే పకడ్బందీ చర్యలు తీసుకుంటారు. పాస్‌వర్డ్ చివర 123 తీసేసి 1234 పెడతారు. కొత్త పాస్‌వర్డ్‌ను ఎవరూ మర్చిపోకుండా గ్రూపులో పిన్ చేస్తారు.